ఆరినంక చూద్దాం: ఒక ఏడో తరగతి అమ్మాయి, ఒక పులి వేషం

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ప్రభుత్వ బడుల్లో పందొమ్మిదేళ్లుగా డ్రాయింగ్, క్రాఫ్ట్ చెప్తున్నాను. ఈ పందొమ్మిదేళ్లలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన పిల్ల గురించి రాస్తున్నాను. ఊరు, బడి, ఏ సంవత్సరమన్నది రాయడం లేదు. ఇంటి వివరాలు కొన్ని మార్చాను. అమ్మాయికి పేరు కూడా పెట్టలేదు. తనతో, వాళ్ల అమ్మతో మాట్లాడి, ఇద్దరూ సరేనన్నాకే రాయడం మొదలుపెట్టాను.

పిల్లలకు బొమ్మలు నేర్పే టీచర్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం. నేను చేసిన పొరపాట్లు కూడా ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఇల్లు, ఊరు

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, చౌటుప్పల్ చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఇంటికో మగ్గం ఉండేది. ఇప్పుడు తగ్గాయి గానీ పోలేదు. ఇక్కడి నేతలో అసలు పని మగ్గం ఎక్కకముందే మొదలవుతుంది. దారాన్ని మేకుల మీద అటూ ఇటూ తిప్పి చుట్టి (దీన్నే ఆసు పోయడం అంటారు), చట్రానికి బిగించి, డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట పాత సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన పట్టీలతో గట్టిగా కట్టేస్తారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. తర్వాత రంగులో ముంచుతారు. కట్టు విప్పి, ఇంకోచోట కట్టి, మళ్లీ ఇంకో రంగు. ఇదంతా అయ్యాకే నేత. అంటే నేసేవాడికి చీర మొత్తం ముందే దారంలో కనిపించాలి. ఇలా నేసిన బట్టే ఇక్కత్. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు, 2020లో నూనె పట్టించిన దారంతో నేసే పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది.

ఈ అమ్మాయిది అలాంటి ఇల్లే. నాయిన గుంట మగ్గం మీద నేస్తాడు. అమ్మ ఆసు పోస్తుంది, చిటికి కడుతుంది. నాయినమ్మ కండెలు చుడుతుంది. దారం, డిజైన్ మాస్టర్ వీవర్ ఇస్తాడు, వీళ్లకు కూలి వస్తుంది. ఈ సంగతి తర్వాత ముఖ్యమవుతుంది కాబట్టి ఇక్కడే చెప్తున్నాను.

అమ్మాయి చదువులో బాగానే ఉండేది. లెక్కల్లో ఇంకా బాగుండేది. మాట తక్కువ. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఏడో తరగతి. వారానికి రెండు పీరియడ్లు నావి.

నేను చూసింది

మొదటి నెల నాకేమీ తెలియలేదు. నలభై రెండు మంది పిల్లల్లో నిశ్శబ్దంగా కూర్చున్న పిల్ల మంచి పిల్లలాగే కనిపిస్తుంది. జులైలో ఒకరోజు నోటుపుస్తకాలు చూస్తుంటే ఈమె పుస్తకంలో ఒక పేజీ చేతికి మెత్తగా, పలచగా తగిలింది. వెలుతురుకు పెట్టి చూస్తే మధ్యలో చిన్న చిల్లు. అదే చోట ఎన్నిసార్లు గీసి చెరిపిందో! తర్వాతి పేజీ కూడా అంతే. ఆ తర్వాతి పేజీలు చింపేసి ఉన్నాయి. కుట్టు దగ్గర చింపిన ముక్కలు మాత్రం మిగిలాయి.

ఆ తర్వాత తనను గమనించడం మొదలుపెట్టాను. పెన్సిల్‌ను కాగితానికి ఆనీ ఆననట్టు పట్టుకునేది. గీత గీసేది, ఆగేది, చూసేది, చెరిపేది. చెరిపినప్పుడు రాలే రబ్బరు పొట్టునంతా వేలితో దగ్గరికి తీసి, నలిపి, చిన్న ఉండ చేసి డెస్కు అంచున పెట్టేది. పీరియడ్ అయ్యేసరికి అక్కడ నాలుగైదు ఉండలు వరుసగా ఉండేవి. కాగితం మీద ఏమీ ఉండేది కాదు.

ఏం గీయమన్నా "నాకు రాదు మేడం" అనేది కాదు. గీస్తాననే అనేది. నాకు కష్టంగా అనిపించింది అదే. బొమ్మలు ఇష్టం లేని పిల్లలు ఉంటారు, వాళ్లతో పెద్ద సమస్య లేదు. ఈమెకు ఇష్టం ఉంది. పక్కపిల్లల బొమ్మలు చూసేటప్పుడు ఆమె ముఖం వేరేగా ఉండేది. తన కాగితం వైపు తిరిగేసరికి భుజాలు బిగుసుకునేవి.

నాలుగు ప్రయత్నాలు

మొదట రబ్బరు తీసేశాను. చెరపడానికి ఏమీ లేకపోతే గీత మిగులుతుంది, మిగిలిన గీతకు మెల్లగా అలవాటు పడుతుంది అనుకున్నాను. క్లాసు మొత్తానికీ అదే నియమం పెట్టాను, ఆమెను ఒక్కదాన్నే వేరు చేసినట్టు ఉండకూడదని. మిగతా పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు. ఈమె వేలు తడిచేసి గీతను రుద్దింది. మూడో వారానికి ఖాళీ కాగితం ఇవ్వడం మొదలుపెట్టింది. భయాన్ని అలాగే ఉంచి, దానికి ఉన్న ఒక్క దారినీ మూసేశానని అప్పుడు అర్థమైంది. రబ్బరు తిరిగి ఇచ్చేశాను.

తర్వాత మెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఏది గీసినా, సగమే గీసినా "బాగుందమ్మా" అన్నాను. ఒకరోజు తలెత్తి సూటిగా అడిగింది: "ఏది బాగుంది మేడం?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా నేను చూడనే లేదు, అలవాటుగా అనేశాను. ఆ పిల్ల పెరిగిన ఇంట్లో ఒక్క పోగు పక్కకు జరిగినా కంటికి కనిపిస్తుంది. మంచి పని ఎలా ఉంటుందో, ఎందుకు మంచిదో ఆమెకు నాకంటే బాగా తెలుసు. అలాంటి పిల్లకు ఉత్త మెప్పు అబద్ధంలా వినిపిస్తుంది. అప్పటి నుంచి నన్ను కొంచెం తక్కువ నమ్మిందని నా అనుమానం.

మూడోది గ్రాఫ్ కాగితం. నేత డిజైన్లు గళ్ల కాగితం మీదే వేస్తారు కాబట్టి ఇంట్లో చూసినదే కదా, ధైర్యం వస్తుందనుకున్నాను. ఇచ్చిన మొదటి రోజే గళ్లు లెక్కపెట్టి, నాలుగు రంగుల్లో వజ్రం డిజైన్ వేసింది. ఒక్క తప్పు లేదు. స్టాఫ్ రూమ్‌లో అందరూ మెచ్చుకున్నారు, గోడకు పెట్టాం. రెండు నెలలు అలాగే నడిచింది, నేను సంతోషంగా నడిపించాను. అక్టోబరులో తెల్ల కాగితం ఇచ్చి "మీ ఇంటి ముందు చెట్టు గీయమ్మా" అంటే స్కేలు తీసి ముందుగా గళ్లు కొట్టడం మొదలుపెట్టింది. పీరియడ్ అంతా గళ్లే అయ్యాయి. చెట్టు రాలేదు. గ్రాఫ్ ఆమెకు దాక్కునే చోటు అయింది. ఆ చోటు కట్టిచ్చింది నేనే. రెండు నెలలు నేను చూసింది అందమైన ఫలితాన్ని, ఆ అమ్మాయిని కాదు.

నాలుగోది అనుకుని చేసిన ప్రయత్నం కాదు, పొరపాటు. ఒకరోజు స్కేలు లేకుండా కోడిని గీసింది. మొదటిసారి చెరపకుండా పూర్తయింది. కాలు మాత్రం కొంచెం వెనక్కి తిరిగినట్టుంది. నేను వంగి, ఆమె పెన్సిల్ తీసుకుని, కాలు సరిచేశాను. రెండు సెకన్ల పని. ఏమీ అనలేదు. నేను పక్క బెంచీకి వెళ్లి తిరిగి చూసేసరికి కోడి లేదు, కాగితం మీద బూడిదరంగు మరక ఒకటే ఉంది.

అప్పటి నుంచి పిల్లల కాగితం మీద నా పెన్సిల్ పెట్టను. చూపించాల్సి వస్తే పక్కన వేరే కాగితం మీద గీసి చూపిస్తాను.

పులి వేషం అనే ఆలోచన

డిసెంబరులో వార్షికోత్సవం మాట వచ్చింది. ఆవు–పులి కథ నాటకంగా వేద్దామన్నారు తెలుగు టీచర్. అంతకుముందు ఏడాది టౌన్‌లో అద్దెకు తెచ్చిన డ్రెస్సులు పిల్లలకు నప్పలేదు, వాసన వచ్చాయి, రోజుకు నాలుగు వందలు కట్టాం. ఈసారి మనమే చేద్దామని పెద్దసారును అడిగాను. పదిహేను వందలు ఇచ్చారు.

ఈ అమ్మాయిని దృష్టిలో పెట్టుకునే అడిగాను. నా ఆలోచన ఇది. కాగితం మీద గీత తనొక్కదానిదే, దాన్ని అడుగు దూరం నుంచి చూస్తుంది, తప్పైతే ఆ తప్పూ తనొక్కదానిదే. వేషం అలా కాదు. పదిమంది చేతులు పడతాయి. ఒకరు చేసింది ఇంకొకరు తొడుక్కుంటారు. జనం ముప్పై అడుగుల దూరం నుంచి చూస్తారు. పైగా అది కదులుతుంది. కదిలే దాన్ని స్కేలు పెట్టి కొలవలేం. గుడ్డ మీద రంగు పూర్తిగా మన మాట వినదు కూడా. చెరపడం కుదరదు, కానీ బాగుచేసుకోవడానికి ఎప్పుడూ దారి ఉంటుంది. అలాంటి పని ఆమెకు కావాలనిపించింది.

పులి గురించి పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పీర్ల పండుగకు ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు వేసుకుని డప్పుకు ఆడే పులివేషగాళ్లను ప్రతి ఒక్కరూ చూశారు. అది ఎలా నడుస్తుందో, తోక ఎలా తిప్పుతుందో వాళ్లే నాకు చేసి చూపించారు.

రంగుల విషయంలో ఒక నిర్ణయం ముందే తీసుకున్నాను. అద్దకంలో వాడే రసాయన రంగులు, కాస్టిక్ సోడా పిల్లల చేతికి ఇవ్వను. నేత ఇళ్లలో పెద్దవాళ్లకే చేతులు పగులుతాయి. కాబట్టి పసుపు, మోదుగు పూలు, కరక్కాయ, తుప్పు ఇనుము. మధ్యాహ్న భోజనం అయ్యాక వంటమ్మ పొయ్యి ఇచ్చింది. గిన్నె మాత్రం మాదే, వంటకు వాడనిది.

ఆరు మీటర్ల కోరా గుడ్డ తెచ్చాం. సోడా నీళ్లలో ఉడకబెట్టి గంజి వదిలించాం. కుట్టి రంగు వెయ్యాలా, రంగు వేసి కుట్టాలా అన్న చర్చ వచ్చింది. కత్తిరించి, ముక్కలుగానే రంగు వేసి, చివర కుడదామన్నాను. మిషన్ దారానికి మా రంగు పట్టకపోవచ్చు, అదొక కారణం. ఒక ముక్క పాడైతే ఆ ఒక్క ముక్కే పోవాలి, అది అసలు కారణం.

మొదట చిన్న ముక్కకు పసుపు వేశాం. బంగారంలా వచ్చింది. ఒక పిల్లవాడు చేతికి అంటిన సబ్బుతోనే దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న చోటల్లా ఎర్రగా అయిపోయింది. "ఎర్రగైంది! మేడం, ఎర్రగైంది!" అని ఒకటే అరుపులు. సబ్బులో, సున్నంలో ఉన్న క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది, కుంకుమ చేసేది అలాగే. అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న మా అమ్మాయి ముందుకు వచ్చింది. "ఎవలు చేసిన్రు?" అని అడిగింది.

"ఎవరూ చేయలేదు, సబ్బు చేసింది" అన్నాను.

ఆ ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తప్పు జరిగింది, ఎవరినీ ఏమీ అనలేదు, పైగా అందరూ సంతోషంగా ఉన్నారు. అది ఆమెకు కొత్త. ఆ ముక్క ఎండలో నాలుగు రోజుల్లోనే వెలిసిపోయింది, పులికి పనికి రాలేదు. అయినా ఈ మొత్తం పనిలో మొదటి అడుగు అదే అని ఇప్పుడు అనిపిస్తుంది.

చిటికి దగ్గర ఆగిపోయింది

సంక్రాంతి సెలవులయ్యాక ఒక కుండలో తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు వేసి మూత పెట్టాం. మూడు వారాలు పులియాలి. కలంకారీ వాళ్లు నలుపు చేసేది ఈ పద్ధతిలోనే. వాసన భరించలేం. పిల్లలకు మాత్రం రోజూ మూత తీసి వాసన చూసి పారిపోవడం ఒక ఆట అయింది. ఫిబ్రవరిలో మోదుగు చెట్లు ఆకు రాల్చి నిండా పూశాయి. గట్ల మీది నుంచి పిల్లలు సంచులతో తెచ్చారు. పటిక నీళ్లలో నానబెట్టిన గుడ్డను ఆ పూలు మరిగిన నీళ్లలో వేశాం. చిటికెడు సున్నం కలిపితే రంగు ఇంకా ముదిరింది. పులి రంగు వచ్చింది.

ఇప్పుడు చారలు. కాషాయం ఉండాల్సిన చోటంతా వెడల్పుగా కట్టేసి, సన్నటి సందులు మాత్రం వదిలి, కరక్కాయ నీళ్లలో, తర్వాత ఇనుము నీళ్లలో ముంచితే ఆ సందులు నల్లబడతాయి. అచ్చంగా చిటికి పనే. ఆ అమ్మాయికి చెయ్యి తిరిగిన పని. ఇక్కడ మిగతావాళ్లకు నేర్పే స్థానంలో ఉంటుంది, ధైర్యం వస్తుంది అనుకుని ట్యూబు పట్టీల కట్ట ఆమె ముందే పెట్టాను.

చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "కడుపు నొస్తున్నది మేడం" అంది. తర్వాత రెండు రోజులు బడికి రాలేదు.

మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ చట్రం ముందు కూర్చుని కడుతూనే మాట్లాడింది. రెండేళ్ల కిందట దసరా సెలవుల్లో పిల్ల సాయం చేస్తానంటే పేక దారం (అడ్డంగా నేసేది) కట్టనిచ్చారట. ఒక గుర్తు పక్కకు కట్టింది. రంగులు అయ్యాక కట్లు విప్పితే డిజైన్ జరిగిపోయి ఉంది. ఆ దారం పనికి రాలేదు. ఇచ్చినాయనకు జవాబు చెప్పుకోవాలి, కూలిలో కోత.

"తిట్టిన్రా?" అని అడిగాను.

"లేదు మేడం. వాళ్ల నాయిన ఒక్క మాట అనలే. ఊకున్నడు. ఆ రాత్రి తినలే."

గోడ వారకు కూర్చున్న పిల్ల తలెత్తలేదు. ఆర్నెల్లుగా నేను చూస్తున్న రబ్బరు పొట్టు ఉండలకు అర్థం అక్కడ దొరికింది. ఆమెకు బలం అనుకుని నేను చేతికిచ్చిన పనే ఆమెకు గాయం. ముందే ఇంటికి వచ్చి మాట్లాడి ఉంటే ఆ రెండు రోజులు ఆమెకు తప్పేవి.

రెండు దారులు కనిపించాయి. చిటికి పని నుంచి తప్పించి పులి తలకాయ పని ఇవ్వడం ఒకటి. పాత పేపర్లు, మైదా గంజితో చేసేది, భయం లేనిది. లేదా ఇందులోనే ఉంచడం. నా మనసు మొదటి దాని వైపే మొగ్గింది. వాళ్లమ్మే వద్దంది. "దాన్ని పక్కకు పెట్టకుండ్రి మేడం. పక్కకు పెడితే గా భయం ఇంకా గట్టి పడ్తది. నేనే వస్త బడికి."

ఒప్పుకున్నాను. ఇక్కడ పోయేది ఒక గుడ్డ ముక్కే, ఎవరికీ బాకీ పడేది లేదు. పక్కన అమ్మ ఉంటుంది. వద్దనిపిస్తే ఏ నిమిషమైనా లేచి వెళ్లిపోవచ్చని పిల్లకు నేనే స్పష్టంగా చెప్పాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఒప్పుకునేదాన్ని కాదు.

అమ్మ క్లాసు

శనివారం మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది. చేతిలో ఒక ఇక్కత్ ముక్క, అదే డిజైన్ అచ్చు గుద్దిన బజారు చున్నీ ఒకటి. రెండూ పిల్లల ముందు వేసి "ఏది చేత్తోటి చేసింది, ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

పిల్లలు తిరగేసి చూశారు. చున్నీ వెనకవైపు వెలవెలబోతోంది. ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంది, నేయకముందే దారానికి రంగు పడింది కాబట్టి. అంతవరకు వాళ్లే చెప్పారు. అప్పుడు ఆమె ఇక్కత్ ముక్కలో రెండు రంగులు కలిసే అంచు మీద వేలు పెట్టింది. అక్కడ గీత గీసినట్టు లేదు. ఒక రంగు ఇంకో రంగులోకి ఈకలా చీలికలుగా వెళ్తోంది.

"దారం కదుల్తది బిడ్డా. ఎంత గట్టిగ కట్టినా జరంత రంగు లోపలికి పోతది, నేసేటప్పుడు జరంత జరుగుతది. మనిషి చెయ్యి గద. గీ అంచు గీత గీసినట్టు ఉన్నదంటే అది అచ్చే. గిట్ల ఉంటేనే మనది."

పిల్లను చూశాను. ఆ ముక్క లాంటివి పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్లే. కానీ ఈ మాట ఇంట్లో ఎప్పుడూ విని ఉండదు. ఇంట్లో మాటలు ఆర్డరు గురించి, దారం గురించి, కూలి గురించి. అందం గురించి మాట్లాడే తీరిక ఎవరికుంటుంది? బడిలో, నలభై మంది ముందు, తన అమ్మ టీచరులా నిలబడి ఆ మాట చెప్తుంటే నోరు కొంచెం తెరిచి వింది. ఆ తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుని పట్టీ అందుకుంది.

ఆరోజు నేను ఒకటే నియమం పెట్టాను. ముంచాక గుడ్డ ఆరేదాకా ఎవరూ దాని గురించి బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. తడి గుడ్డ మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే వేరుగా తేలుతుంది. కాబట్టి ఇది పనికి సంబంధించిన నియమమే. కానీ నాకు అది ఆ పిల్ల కోసం కావాలి. తను చేసిన దానికీ దాని మీద తీర్పుకూ మధ్య కొంచెం వ్యవధి ఉండాలి. ఆమె పెన్సిల్‌కూ రబ్బరుకూ మధ్య ఆ వ్యవధే లేదు.

ఎడమ కాలు

సోమవారం ముంచాం. కట్టు లేని చోట కాషాయం మీద నలుపు కళ్ల ముందే ఎక్కుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. బయటికి తీసి కట్లు విప్పితే చొక్కా ముక్కలు బాగా వచ్చాయి. పైజామా కుడికాలు బాగా వచ్చింది. ఎడమ కాలు ఈ అమ్మాయి కట్టింది. తొడ దగ్గర రెండు కట్లు వదులై నలుపు లోపలికి పారింది. జానెడు మేర చారలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి.

ఆమె ముఖం పాలిపోయింది. ఎవరో "అయ్యో" అనబోయి నియమం గుర్తొచ్చి ఆగారు. నాకు "పర్లేదమ్మా" అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ మాట అంటే అక్కడ తప్పు ఉందని నేను ఒప్పుకున్నట్టే. గుడ్డ తీసి తీగ మీద ఆరేశాను. "ఆరినంక చూద్దాం" అన్నాను. అంతే.

మర్నాడు పొద్దున పులి వేసే పిల్లవాడు ఎవరినీ అడగకుండా పైజామా ముక్కలు రెండూ కాళ్లకు చుట్టుకుని, పిన్నీసులు పెట్టుకుని, వరండాలో నాలుగు కాళ్ల మీద పరుగెత్తాడు. ఆమె గేటు దగ్గర నుంచి వస్తూ ఆగిపోయింది. కుడికాలు మీద చారలు చక్కగా, గీసినట్టు ఉన్నాయి. ఎడమ కాలు మీద నలుపు బొచ్చులా ఉంది. వాడు కాలు కదిపినప్పుడల్లా లోపల కండ కదిలినట్టుంది.

చాలాసేపు చూసింది. నా దగ్గరికి వచ్చింది.

"మేడం, రెండో కాలు గూడ గిట్లనే కావాలె."

ఆ మధ్యాహ్నం కుడికాలు ముక్క మళ్లీ కట్టింది. ఈసారి ఎక్కడెక్కడ వదులుగా కట్టాలో తనే చూసుకుంది. తొడ దగ్గర వదులు, మోకాలి కింద బిగువు. ఇనుము నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే గుడ్డ బలహీనపడుతుందని నేను చెప్తే, లెక్కపెట్టి తీసింది. ఒక పిల్లవాడి అమ్మ మిషన్ మీద అంతా కుట్టి ఇచ్చింది. తోకలో బైండింగ్ తీగ, పాత గుడ్డలు. మీసాలకు చీపురు పుల్లలు.

వార్షికోత్సవం రోజు వాళ్ల నాయిన వచ్చాడు. నాటకం అయ్యాక స్టేజీ వెనక్కి వచ్చి, విప్పిన పైజామా చేతిలోకి తీసుకుని, నేతగాడు చూసినట్టే ముందు తిరగేసి చూశాడు. బొటనవేలితో నల్ల చార అంచు తడిమాడు.

"గీ నలుపు ఎట్ల తెచ్చిన్రు?"

ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. కరక్కాయ, మేకులు, బెల్లం, మూడు వారాలు, వాసన. నేను విన్నంతలో అంతసేపు ఆగకుండా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన మధ్యలో ప్రశ్నలు అడుగుతూ విన్నాడు. తేలియా రుమాలుకు దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టే సంగతి ఆయన చెప్తే ఈమె వింది.

తర్వాత ఆలోచిస్తే

నేను ఆర్నెల్లు చేసిన పొరపాటు, సమస్య చేతిలో ఉందనుకోవడం. చెయ్యి బాగానే ఉంది. గీసిన వెంటనే తీర్పు చెప్పే కన్నుతోనే ఇబ్బంది. అది ఆ పిల్లకు ఇంటి నుంచే వచ్చింది. నేత ఇంట్లో ఆ కన్ను అన్నం పెడుతుంది, దాన్ని తప్పు పట్టలేను. నేను చేయగలిగింది ఆ కన్ను కాసేపు ఆగే చోటు చూపించడమే. రబ్బరు తీసేసినప్పుడు నేను చెయ్యిని ఆపాను. ఆపాల్సింది చెయ్యిని కాదు.

ఇంకో సంగతి. వాళ్లమ్మ చెప్పిన మాట నేను చెప్పి ఉంటే పనిచేసేది కాదు. డ్రాయింగ్ టీచర్ "అంచు చెదిరితే అందం" అంటే ఓదార్పులా వినిపిస్తుంది. ఆ పని మీద బతికే మనిషి చెప్తే అది పని గురించిన నిజం. మన ఊళ్లలో ప్రతి బడి చుట్టూ అలాంటి మనుషులు ఉన్నారు. గద్వాల, నారాయణపేట వైపు నేతవాళ్లు, దేవరకొండ తండాల్లో అద్దాలు కుట్టే అవ్వలు, గొంగళ్లు నేసేవాళ్లు. వాళ్లను ఫొటోకోసం ఒకరోజు పిలిచి శాలువా కప్పి పంపేస్తాం. పిల్లల పక్కన కింద కూర్చోబెట్టి పని చేయించాలి, టీచరుకిచ్చే మర్యాద ఇవ్వాలి.

అందరు పిల్లలకూ ఇది సరిపోతుందని నేను చెప్పను. రెండేళ్ల తర్వాత ఇలాగే చెరిపే ఇంకో అబ్బాయికి గుడ్డ, రంగు పని పెట్టాను. వాడికి తడి, వాసన పడలేదు, వాంతి చేసుకున్నాడు. వాడికి మట్టి సరిపడింది. ఈమె విషయంలో కూడా అంతా సాఫీగా సాగలేదు. ఎనిమిదో తరగతి పరీక్షల ముందు మళ్లీ స్కేలు బయటికి వచ్చింది, రెండు పేజీలు చింపింది. వారం ఆగాను, తగ్గింది. భయం పూర్తిగా పోయిందని నేను అనుకోను. రబ్బరు ఇప్పటికీ బాక్సులో ఉంటుంది. ఉండనీ.

ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈ ఏడాది ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి ఆరో తరగతి పిల్లలకు చిన్న రుమాళ్ల మీద చిటికి కట్టడం నేర్పమని అడిగితే ఒప్పుకుంది. నేను వరండాలో కూర్చుని చూస్తున్నాను. ఒక చిన్నవాడు తడి రుమాలు పట్టుకుని, ఏడుపు ముఖంతో ఆమె దగ్గరికి వచ్చాడు. కట్టు జారి రంగు మధ్యలోకి పారింది.

"అక్కా, ఖరాబైంది."

ఆ అమ్మాయి రుమాలు తీసుకుని, నీళ్లు పిండి, రెండు చేతులతో దులిపి తీగ మీద వేసింది.

"ఆగు, ఆరినంక చూద్దాం" అంది.